అంగుళానికి అడుగు

నేను కట్టించిన ర్యాంపు ముందు ఒక కుర్రవాడు చక్రాల కుర్చీలో వచ్చి ఆగిపోయాడు. ఒకసారి పైకి చూశాడు. చక్రాల మీద చేతులు వేసి, బలం కూడదీసుకుని, మళ్లీ తీసేశాడు. "అక్కా, దీని మీద ఎక్కితే వెనక్కి పడిపోతాను" అన్నాడు నాతో. అంతకు మించి ఒక్క మాట అనలేదు. దాన్ని కట్టించింది నేనేనని అతనికి తెలియదు. ఆ మధ్యాహ్నం అది చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

నేను సివిల్ డిప్లొమా చదివాను. 18 ఏళ్లుగా విజయనగరంలో ఇళ్ల ప్లాన్లు గీస్తూ, దగ్గరుండి కట్టిస్తూ బతుకుతున్నాను. కోటకు కూతవేటు దూరంలో ఒక సందులో పాత మిద్దె ఇల్లు ఉంది. దాన్ని ఒక కుటుంబం చదువుకునేవాళ్ల కోసం ఇచ్చేసింది. ఇప్పుడు అది రీడింగ్ రూము. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు పొద్దున్న ఆరింటికే వచ్చి బల్లలు పట్టుకుంటారు. నాలుగేళ్ల కిందట అక్కడి పెద్దలు "ర్యాంపు ఒకటి ఉండాలట, చూడమ్మా" అంటే నేనే కట్టించాను. నేల నుంచి వరండా 21 అంగుళాల ఎత్తు, మూడు మెట్లు. మెట్ల పక్కన 8 అడుగుల చోటు ఖాళీగా కనిపించింది. ఆ 8 అడుగుల్లోనే ఏటవాలుగా పోయించి, పైన నున్నటి గ్రానైటు పరిపించాను. చూసినవాళ్లు బాగుందన్నారు. చక్రాల కుర్చీని దాని మీద ఒక్కసారైనా ఎక్కించి చూడాలని మాత్రం ఎవరికీ తోచలేదు. తోచాల్సింది నాకే.

ఆ అబ్బాయిది గజపతినగరం వైపు పల్లె. కొబ్బరిచెట్టు మీద నుంచి పడి వెన్నుపూస దెబ్బతింది, నడుము కింద స్పర్శ లేదు. గ్రూప్-2కి చదువుతున్నాడు. తల్లితో కలిసి ఊళ్లో కింది అంతస్తు గది ఒకటి అద్దెకు తీసుకున్నాడు. లోపల చదువుకుంటున్న పిల్లలు నలుగురు బయటికి వచ్చి, కుర్చీతో సహా ఎత్తి లోపల పెడతామన్నారు. మంచి మనసుతోనే అన్నారు. అతను చిన్నగా తల అడ్డంగా ఊపి, "నలుగురు మోసే రోజు ఎలాగూ వస్తుంది కదా. ఇప్పటినుంచే వద్దు" అన్నాడు. వాళ్ల అమ్మ ముఖం తిప్పుకుంది. కుర్చీ వెనక్కి తిరిగి సందు మలుపు దాటేదాకా మేమందరం అక్కడే నిలబడిపోయాం.

మర్నాడు తెలిసినవాళ్ల ఇంట్లో ఉన్న చక్రాల కుర్చీ అడిగి తెచ్చుకున్నాను. రీడింగ్ రూము తెరవకముందే అందులో కూర్చుని నా ర్యాంపు ఎక్కడానికి ప్రయత్నించాను. రెండు తోపులకు ముందు చక్రాలు నేల విడిచాయి. వరండా దూలాలు కళ్ల ఎదుట కనిపించాయి. వెనక మేస్త్రి పట్టుకోకపోతే తల గచ్చుకు తగిలేది. నేను ఒక్కసారి కూర్చున్నంత మాత్రాన ఆ అబ్బాయి బతుకు నాకు తెలిసిపోయిందని చెప్పను, అలా చెప్పడం తప్పు. నేను లేచి నడిచి ఇంటికి వెళ్లాను. కానీ కాగితం మీద గీసిన గీత ఒంటికి ఎలా తగులుతుందో మాత్రం ఆ రోజు తెలిసింది.

ర్యాంపు వాలుకు లెక్క ఉంది. కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2021లో తెచ్చిన సార్వత్రిక సౌలభ్య ప్రమాణాల్లో అది స్పష్టంగా రాసి ఉంది: ఒక వంతు ఎత్తుకు 12 వంతుల పొడవు. మిల్లీమీటర్లలో చెబితే మా మేస్త్రులకు విసుగు. కానీ ఈ లెక్క మన అడుగులు, అంగుళాల్లోకి చక్కగా ఒదుగుతుంది. అడుగుకు 12 అంగుళాలు కదా, అంటే అంగుళం ఎత్తుకు అడుగు పొడవు. 21 అంగుళాల వరండాకు 21 అడుగుల ర్యాంపు కావాలి. నేను 8 అడుగులు ఇచ్చాను. ఈ మాట మేస్త్రితో చెబితే చేతిలోని తాపీ కింద పెట్టి, "ఇంత తేలిక లెక్క మనకెవరూ చెప్పలేదేమిటి అమ్మగారూ" అన్నాడు. అతను 30 ఏళ్లుగా ఈ పని చేస్తున్నాడు. బడికి, ఆసుపత్రికి, గుడికి ఎన్ని ర్యాంపులు పోశాడో అతనికే గుర్తులేదు. ప్రతిచోటా మిగిలిన చోటును బట్టే పొడవు.

ఈసారి ప్లాను గీయడానికి ముందు ఆ అబ్బాయి ఇంటికి వెళ్లాను. ర్యాంపు నాదేనని అప్పుడు చెప్పాను. కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "కొత్తది కట్టేటప్పుడు నన్ను పిలవండి అక్కా" అన్నాడు. ఆదివారం పిలిచాను. టేపు తీసి కుర్చీ కొలవబోతే "ఇటివ్వండి, నేను కొలుస్తాను" అని తీసుకున్నాడు. కుర్చీ వెడల్పు 26 అంగుళాలు. కానీ చక్రాలు తిప్పేటప్పుడు మోచేతులు బయటికి వస్తాయి, అప్పుడు 32. కూర్చుంటే మోకాళ్ల ఎత్తు 26. పరుపుతో కలిపి సీటు ఎత్తు 19. చెయ్యి చాపితే సౌకర్యంగా అందే ఎత్తు నాలుగడుగులు. ఇవన్నీ నా నోటుపుస్తకంలో అతని చేతిరాతతోనే ఉన్నాయి. ఇన్నేళ్లలో ఇంటి యజమాని కొలతలు అడిగి ప్లాను గీశానేగానీ, వాడే మనిషి ఒంటి కొలతలు రాసుకున్నది అదే మొదటిసారి.

21 అడుగులు ఎక్కడి నుంచి తేవాలి? ముందు వాకిలి పొడవు 18 అడుగులే. అందుకని ర్యాంపును మూల దగ్గర మలిపాం. గేటు పక్క నుంచి మొదలై ప్రహరీ వెంట 11 అడుగులు, మూలలో 5 అడుగుల చదరం సమతలం, అక్కడి నుంచి వరండా వైపు మరో 10 అడుగులు. మూలలో ఆ చదరం లేకపోతే కుర్చీ తిరగదు. ఎక్కేవాళ్లు ఊపిరి తీసుకోవడానికీ అదే చోటు. వెడల్పు నాలుగడుగులు. దీనివల్ల మోటారు సైకిళ్లు నిలిపే జాగా సగం పోయింది, పేచీ అక్కడ మొదలైంది.

రీడింగ్ రూము కమిటీ కార్యదర్శిగారు పెద్దాయన, చెడ్డమనిషి కాదు. "ఇంతా చేస్తే వచ్చేది ఒక్క అబ్బాయే కదమ్మా" అన్నారు. ఈ మాట నేను చాలా చోట్ల విన్నాను. గతంలో నేనూ అన్నాను. కానీ 2011 జనాభా లెక్కల్లోనే దేశంలో 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులు నమోదయ్యారు. వాళ్లంతా ఎక్కడ ఉన్నారు? మెట్ల అవతల ఉన్నారు. "ఇన్నాళ్లూ ఎవరూ రాలేదంటే, వచ్చే దారి లేకనేనండీ" అన్నాను. సభ్యుల్లో ఒక వకీలుగారు ఉన్నారు. ఆయన ఇంకో సంగతి చెప్పారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 1995 చట్టంలో 7 రకాల వైకల్యాలుంటే, ఇందులో 21 ఉన్నాయి. ప్రజలు వాడే భవనం ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా దాని కిందికే వస్తుంది. ఉన్న భవనాలను మార్చుకోవడానికి ఇచ్చిన ఐదేళ్ల గడువు 2022లోనే తీరిపోయింది. అంధుడైన రాజీవ్ రతూరి 2005లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న తీర్పు ఇచ్చింది. సౌలభ్య ప్రమాణాలను వట్టి సలహాలుగా వదిలేయడం చట్టానికే విరుద్ధమనీ, తప్పనిసరిగా పాటించాల్సినవేవో మూడు నెలల్లో తేల్చాలనీ కేంద్రాన్ని ఆదేశించింది. కార్యదర్శిగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ అంతా విన్నారు. "ఐదేళ్లు దాటిపోయాయా" అని మాత్రం అడిగారు. వారంలో చందాలు పోగయ్యాయి. మోటారు సైకిళ్లు సందు చివర ఖాళీ స్థలానికి మారాయి.

పాత ర్యాంపును పగలగొట్టేటప్పుడు మొదటి దెబ్బ నేనే వేశాను. గ్రానైటు పలకలు మంచివే, తీసి పక్కన పెట్టించాను. వాటి మీద వాన చుక్క పడితే నడిచేవాళ్లే జారతారు. మాది తీరం పక్క జిల్లా, అక్టోబరు వచ్చిందంటే తుపానుల భయం. ఈసారి కాంక్రీటు పోసి, అది గట్టిపడుతున్నప్పుడు చీపురుతో అడ్డంగా గీతలు లాగించాం. కుర్చీ వెళ్లే దిశకు అడ్డంగా ఉంటేనే చక్రం పట్టు దొరుకుతుంది, నిలువుగా లాగితే నీళ్ల కాలువలవుతాయి. మేస్త్రి మట్టం చూసే నీళ్ల గొట్టం పెట్టి అడుగడుగుకూ అంగుళం చూసుకున్నాడు. ఆఖర్లో పావు అంగుళం తేడా వస్తే చెరిపి మళ్లీ పోశాడు, నేను చెప్పకుండానే. రెండు అంచుల్లోనూ మూడేసి అంగుళాల కట్ట లేపాం, ముందు చక్రం పక్కకు జారిపోకుండా. రెండు వైపులా రెండు వరసల పైపులు: ఒకటి 36 అంగుళాల ఎత్తున, రెండోది 30 అంగుళాల ఎత్తున. కుర్చీలో ఉన్నవాళ్లకు, పిల్లలకు కింది పైపు. పైపులు ర్యాంపు మొదలుకు అడుగు ముందే మొదలై, చివర అడుగు తర్వాత ఆగాలి. చూపు లేనివారికి వాలు రాబోతోందని చెయ్యికి ముందే తెలుస్తుంది. పైపు కొసలు కిందికి వంచి మూసేయకపోతే పైట కొంగో చీర కుచ్చో తగులుకుంటుంది. ఆ మాట మా వెల్డరు భార్య చెప్పింది.

ఇక గడప. పాత ఇంటి సింహద్వారం టేకుది, రెండు రెక్కలది. ఒక్కో రెక్క అడుగున్నర. అలవాటుగా ఒక రెక్కే తీస్తారు. రెండూ తీసి కొక్కెం పెడితే మూడడుగుల దారి దొరికింది, అంత చాలు. కానీ గడప ఐదు అంగుళాల ఎత్తు. ఇల్లిచ్చిన కుటుంబంలోని పెద్దావిడ ఇప్పటికీ శుక్రవారం వచ్చి దానికి పసుపు రాసి, బొట్లు పెట్టి వెళతారు. గడప తీసేయాలని నేను ఎలా అడగను? మూడు రోజులు తటపటాయించి చివరికి ఆ అబ్బాయినే వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. వాళ్లింటికీ మెట్లున్నాయి. ఆవిడే చేతికర్ర పట్టుకుని వాకిట్లోకి వచ్చారు. సంగతంతా విని, "లక్ష్మీదేవి గడప ఎత్తు చూసి వస్తుందా తల్లీ? చదువుకునే పిల్లవాడు బయట నిలబడితే ఏ దేవత లోపలికి వస్తుంది" అన్నారు. గడప కొయ్యను వడ్రంగి కిందికి దించి, నేలకు అర అంగుళం కంటే తక్కువ ఎత్తులో, రెండు వైపులా వాలు చెక్కి అమర్చాడు. పాత కొయ్యే, పాత పసుపే. శుక్రవారం ఆవిడ వచ్చి ఎప్పటిలాగే బొట్లు పెట్టారు. ఇప్పుడు తన కాలికి తట్టుకోదని కూడా అన్నారు.

అన్నిటికంటే ఎక్కువ శ్రమ మరుగుదొడ్డిది. అన్నిటికంటే ముందు ఆలోచించవలసిందీ అదే. ఆ అబ్బాయి ఒక సాయంత్రం చెప్పిన మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. బయటికి వెళ్లాల్సిన రోజు పొద్దున్న లేచింది మొదలు నీళ్లు తాగడట. మే నెల ఎండలో పరీక్ష రాయడానికి వెళ్లినా అంతే. తాగితే వెళ్లాలి, వెళ్లడానికి చోటుండదు. వెన్నెముక దెబ్బతిన్నవారికి మూత్రంలో ఇన్ఫెక్షన్లు అసలే తొందరగా వస్తాయి. నీళ్లు మానేస్తే ఇంకా ఎక్కువ. రెండుసార్లు ఆసుపత్రిలో పడ్డాడు. ఆడపిల్లలైతే ఎంత అవస్థ పడుతున్నారో నాకు చెప్పనక్కరలేదు. ర్యాంపు కట్టి మరుగుదొడ్డి వదిలేస్తే, మనిషిని లోపలికి పిలిచి రెండు గంటల్లో వెళ్లిపొమ్మన్నట్టే.

పాతది పెరట్లో ఉండేది. తలుపు రెండడుగులు, అదీ లోపలికి తెరుచుకునేది. చిన్న కుర్చీ ఏదైనా ఎలాగో దూరినా తలుపు మూసుకోదు. వెనక గది ఒకటి చీల్చి, ఏడున్నర అడుగులకు ఏడడుగుల చోటు సంపాదించాం. లోపల 5 అడుగుల చుట్టు కుర్చీ తిరగడానికి మిగలాలి. తలుపు మూడడుగులది, పక్కకు జరిగేది పెట్టాం. గడియ చిన్న బొడిపెది వద్దు, పిడికిలితో నెట్టినా జరిగే పెద్ద పిడి కావాలి. ఇక కమోడు. నేను కాగితం మీద పక్కగోడకు దగ్గరగా, గోడ నుంచి మధ్యగీతకు 18 అంగుళాల్లో గీసి ఇచ్చాను. ప్లంబరు చేతి అలవాటు కొద్దీ గది నట్టనడుమ బిగించేశాడు. చూడడానికి అందంగా ఉంది, వాడడానికి పనికిరాదు. ఒక పక్క గోడ పైపు పట్టుకోవడానికి దగ్గరగా ఉండాలి, రెండో పక్క కుర్చీ ఆనించడానికి మూడడుగులు ఖాళీ ఉండాలి. నడుమ పెడితే రెండూ కుదరవు. మళ్లీ తవ్వించాను. ప్లంబరుకు కోపం వచ్చింది. ఆ అబ్బాయిని పిలిచి, కుర్చీలో నుంచి కమోడు మీదికి ఎలా మారతాడో బట్టలతోనే ఒకసారి చూపించమన్నాను. ఒక చేత్తో గోడ పైపు, ఇంకో చేత్తో కుర్చీ అంచు పట్టుకుని, బరువంతా భుజాల మీద వేసి ఒక్క ఊపులో జరిగాడు. ప్లంబరు ఏమీ అనకుండా వెళ్లి గుంత తవ్వడం మొదలుపెట్టాడు. సీటు ఎత్తు 19 అంగుళాలు వచ్చేలా కింద దిమ్మ కూడా తనే ఆలోచించి కట్టాడు.

పట్టుకునే పైపుల సంగతి తోటి పనివాళ్లందరికీ చెప్పాలి. పాత ఇటుక, సున్నం గోడలో మేకు నిలవదు. టైలు మీద బిగిస్తే చూడడానికి గట్టిగానే కనిపిస్తుంది, మనిషి బరువు పడగానే ఊడి వస్తుంది. ఆ క్షణంలో ఆ మనిషి గాలిలో ఉంటాడు. మేము అక్కడ గోడ తొలిచి, కాంక్రీటు దిమ్మ పోసి, అది ఎండాక లోపలికి బోల్టులు దించాం. తర్వాత నేనూ మేస్త్రీ ఇద్దరం దాన్ని పట్టుకుని వేలాడి చూశాం. కొళాయికి తిప్పే బుడిపె కాకుండా ఎత్తే పిడి పెట్టాం. చేతులు కడుక్కునే బేసిన్ కింద మోకాళ్లు పట్టేలా ఖాళీ వదిలాం. కప్పు నుంచి నేల దాకా ఒక తాడు వేలాడదీశాం. జారిపడినా కింద నుంచి లాగితే ముందు బల్ల దగ్గర గంట మోగుతుంది. చివరగా ఒక నియమం: దీనికి తాళం వేయకూడదు, చీపుళ్లు, విరిగిన కుర్చీలు ఇందులో దాచకూడదు. ఎన్నో చోట్ల చక్రాల కుర్చీ బొమ్మ ఉన్న తలుపుకు తాళం వేలాడడం చూశాను. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ఎవరికీ తెలియదు. ఇప్పుడు అలాంటి తాళం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇదంతా అవుతుండగా ఒక సంగీతం మాస్టారు రావడం మొదలుపెట్టారు. వయసు 70 దాటింది. పుట్టుకతోనే చూపు తక్కువ, ఇప్పుడు వెలుగూ చీకటీ తప్ప తెలియవు. ఊళ్లోని మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్నారు. ఆ కళాశాల పుట్టుక విజయనగరం వాళ్లమందరం గర్వంగా చెప్పుకునే కథే. 1919లో మహారాజు విజయరామ గజపతిరాజు తన కొలువులోని ఉద్యోగి కుమారుడు, చూపులేని అబ్బాయి, సంగీతం నేర్చుకోవడానికని దాన్ని పెట్టించారు. ఆదిభట్ల నారాయణదాసు మొదటి అధ్యక్షులు. కంటిచూపు బాగా తక్కువైన ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడ వయొలిన్ ఆచార్యులై, 1936లో అధ్యక్షులయ్యారు. చూపులేని ఒక పిల్లవాడి కోసం కళాశాలే పెట్టిన ఊరు మాది. అదే ఊళ్లో నేను 18 ఏళ్లుగా ఇళ్లు కడుతూ, చూపులేనివారు నా మెట్లు ఎలా దిగుతారో ఒక్కసారీ ఆలోచించలేదు.

గేటు నుంచి తలుపు దాకా, అక్కడి నుంచి బల్ల దాకా పసుపు రంగు స్పర్శ పలకలు తెప్పించాం. పొడుగు గీతలున్నవి కొన్ని, గుండ్రటి బొడిపెలున్నవి కొన్ని. మేస్త్రి వాటిని ఎంతో శ్రద్ధగా ఒక గీతలది, ఒక బొడిపెలది మార్చి మార్చి, ముగ్గు వేసినట్టు పరిచాడు. మాస్టారు తెల్లకర్రతో వచ్చారు. రెండడుగులు వేసి ఆగారు. మళ్లీ రెండడుగులు వేసి ఆగారు. "ఇక్కడేముందమ్మా?" అని అడిగారు. ఏమీ లేదన్నాను. "మరి ఆగమంటున్నారెందుకు?" అన్నారు. అప్పుడు కూర్చోబెట్టి నాకూ మేస్త్రికీ పాఠం చెప్పారు. గీత నడవమని, చుక్క ఆగమని. మెట్టు రాబోతున్నా, తలుపు వచ్చినా, దారి మలుపు తిరిగినా అక్కడ చుక్కలుండాలి. మిగతా అంతా గీతలే. జపాన్‌లో సెయిచీ మియాకె 1965లో కనిపెట్టిన పద్ధతి ఇది. 1967లో ఒకాయామా నగరంలో మొదటిసారి వీధిలో పరిచారు. "తాళం తప్పితే ఎలా ఉంటుందో, ఇదీ అలాగే ఉంది" అన్నారు మాస్టారు నవ్వుతూ. మేస్త్రి ఆ సాయంత్రమే పలకలన్నీ లేపి మళ్లీ పరిచాడు. పూర్తయ్యాక తనే కళ్లకు తువ్వాలు కట్టుకుని, చెప్పులు విప్పి, గేటు నుంచి బల్ల దాకా నడిచి చూసుకున్నాడు.

ఆయన లోపలికి వచ్చాక మరో అడ్డు తెలిసింది. మూడు వేల పైచిలుకు పుస్తకాల జాబితా కంప్యూటర్‌లో ఉంది, ఎప్పుడో డీటీపీ ఆపరేటరు టైపు చేసి పెట్టినది. మాస్టారి కోసం ఎన్‌వీడీఏ వేశాం. తెరమీదిది చదివి వినిపించే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. తెలుగు గొంతు కూడా ఉంది, కాస్త యంత్రంలా పలుకుతుంది. జాబితా తెరిస్తే అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు, చిహ్నాలు గడగడా చదివింది. జాబితా ఏ కంప్యూటరైనా తెలుగుగా గుర్తుపట్టే యూనికోడ్‌లో లేదు, అచ్చు పనికి వాడే అను ఫాంట్లలో ఉంది. కంటికి తెలుగులా కనిపించినా, లోపల దాగి ఉన్నవి వేరే గుర్తులు. కాగితాన్ని ఫొటో తీసి పెట్టిన నోటీసులదీ అదే గతి. తెలుగులో ఇప్పటికీ ఎన్ని ప్రకటనలు, దరఖాస్తులు ఇలాగే వస్తున్నాయో గమనించండి. అవన్నీ చూపులేనివారికి తాళం వేసిన గదులే. మా పిల్లలు పంచుకుని, కన్వర్టరుతో మార్చి, ఒత్తులూ గుణింతాలూ ఒక్కొక్కటీ సరిచూశారు. మూడు నెలలు పట్టింది. ఇప్పుడు మాస్టారు ఫోను తెరను చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని ఇంటి నుంచే జాబితా వింటారు. ఒకరోజు వచ్చి బల్ల దగ్గర ఒక పుస్తకం నంబరు చెప్పారు. ఎవరినీ అడగకుండా తనే వెతుక్కున్నారట. ఆ నంబరు చెప్పేటప్పుడు ఆయన గొంతులోని సంతోషాన్ని నేను రాయలేను.

బల్ల కూడా మార్చాం. మూడున్నర అడుగుల ఎత్తున్న బల్లలో ఒక భాగాన్ని 30 అంగుళాలకు దించి, కింద మోకాళ్లకు చోటు వదిలాం. చెవులు వినిపించని అమ్మాయి ఒకరు వస్తారు. ఆమె అడిగినవి రెండే. బల్ల వెనక కూర్చునే మనిషి ముఖం మీద వెలుతురు పడాలి, పెదవులు కనిపించాలి. రీడింగ్ రూము మూసే వేళ గంట కొట్టడంతో పాటు దీపం కూడా ఒకసారి ఆర్పి వెలిగించాలి. ఖర్చు ఏమీ లేదు. ఎవరో ఒకరు అడిగి ఉంటే చాలు, ఏనాడో చేసేవాళ్లం.

పని అయిపోయిందని ఎవరూ ప్రారంభోత్సవం పెట్టలేదు. పెట్టవద్దని ఆ అబ్బాయే అడిగాడు. ఒక సోమవారం నేను ఆరింటికి వెళ్లేసరికి కిటికీ పక్క బల్ల దగ్గర ఉన్నాడు. తలుపు తీసిన వాచ్‌మన్‌ను అడిగితే, వచ్చినట్టే తెలియలేదన్నాడు. రిజిస్టరులో ఐదు యాభైకి సంతకం ఉంది. అతని పక్కన నిండు సీసా నీళ్లున్నాయి.

నన్ను చూసి దగ్గరికి రమ్మన్నాడు. పుస్తకంలో కాగితం పెట్టి మూసి, "అక్కా, ఆటో దిగే చోటు నుంచి గేటు దాకా కాలువ మీద మూడు పలకలున్నాయి. నడిమి పలక పక్కన సందులో ముందు చక్రం పడుతోంది. మూడు అంగుళాలు ఉంటుందనుకుంటా" అన్నాడు. ఆ వీధి మున్సిపల్ కార్పొరేషన్‌ది, దరఖాస్తు పెట్టాలి. ముందు కొలత కావాలి. టేపు నా సంచిలోనే ఉంది. తీసి అతని చేతికిచ్చాను. ఇద్దరం ర్యాంపు దిగి బయటికి వెళ్లాం.